బంగారుతీగ (కామన్ కార్ప్ చేప) నెత్తురులో ఎర్రకణం వయసు చదవడం: ప్రాజెక్టు డైరీ

ఏం తేల్చాలని

మనిషి ఎర్రకణం ఎముక మూలుగలో తయారై, కేంద్రకాన్ని అక్కడే వదిలేసి నెత్తురులోకి వస్తుంది. చేపకి మూలుగలో ఆ పని జరగదు. మొప్పల వెనక, వెన్నెముకకి ఆనుకుని ఉండే హెడ్ కిడ్నీలో, కొంతవరకు ప్లీహంలో కణాలు పుడతాయి. కేంద్రకం చివరిదాకా ఉంటుంది. పైగా కణం పూర్తిగా ముదరకముందే ప్రవాహంలోకి వచ్చేసి, మిగతా ఎదుగుదలంతా తిరుగుతూనే కానిస్తుంది. అందువల్ల తోక దగ్గర తీసిన ఒక్క చుక్కలో లేతకణాలు, ముదురుకణాలు పక్కపక్కనే దొరుకుతాయి. వాటిని సరిగ్గా ఏరి లెక్కపెడితే ఆ చేప ఎప్పుడు నెత్తురు పోగొట్టుకుందో సుమారుగా చెప్పొచ్చు.

లేతకణానికి మూడు గుర్తులు: ఆకారం గుండ్రన, కేంద్రకం పెద్దది, కణద్రవ్యం నీలి ఛాయ. చిక్కేమిటంటే మూడింటికీ దొంగ గుర్తులు ఉన్నాయి. స్లైడు మీద పలచగా పరిచిన నెత్తురు పొర, అంటే స్మియరు, నెమ్మదిగా ఆరితే ముదురుకణమూ గుండ్రబడుతుంది. ఒత్తిడికి నలిగితే కేంద్రకం పరుచుకుని పెద్దదిగా కనిపిస్తుంది. రంగు వేసేటప్పుడు పీహెచ్ నిలిపే ద్రావణం, అంటే బఫరు, క్షారమైతే అన్నీ నీలమే. ఈ డైరీలో సగం పని ఈ దొంగలని పట్టుకోవడమే.

నెత్తురు తీసే రోజుకి 12 రోజుల ముందు: చేపలు

గోదావరి చెరువుల నుంచి వచ్చిన బంగారుతీగలు 10, ఒక్కోటి 280 నుంచి 320 గ్రాములు. 500 లీటర్ల ఫైబర్ తొట్లు రెండు, ఒక్కో దానిలో చిన్న హాపాలు, అంటే వల సంచులు, ఐదు, హాపాకి ఒక చేప. ఇలా విడిగా ఉంచితే టాగులు గుచ్చే అవసరం ఉండదు. టాగు గాయం కూడా నెత్తురు నష్టమే కదా. నీటి ఉష్ణోగ్రత 27-28 డిగ్రీలు, గాలి రాళ్లు రెండేసి. జంతు నైతిక కమిటీ అనుమతి కాగితం చేతికి వచ్చాకే చేపలు దించాం.

దించే ముందు ప్రతి చేపనీ రెక్కల మొదళ్లలో, మొప్ప మూత కింద చూడాలి. ఆర్గులస్, అంటే రైతులు చేప పేను అనేది, ఒక్కటి కనిపించినా ఆ చేపని పక్కన పెట్టాలి. అది నెత్తురు పీల్చే పురుగు. దాన్ని మోసుకొచ్చిన చేప నెత్తురులో లేతకణాలు మొదటి రోజు నుంచే ఎక్కువగా ఉంటే పోలికకి ఆధారమే పోతుంది. వచ్చిన 14లో నాలుగింటిని ఈ కారణంతోనే వెనక్కి పంపాం.

నైట్రైట్ కిట్టుతో తొట్టి నీటిని రోజూ చూస్తున్నాం. నైట్రైట్ పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారి నెత్తురు చాక్లెట్ రంగుకి వస్తుంది. స్మియరులో కణాలు మామూలుగానే కనిపిస్తాయి కాబట్టి సూక్ష్మదర్శిని దాన్ని పట్టించదు. సిరంజిలో రంగు చూస్తేనే తెలుస్తుంది.

10 రోజుల ముందు: బఫరు, లీష్మన్

కణాలకి వేసే రంగు లీష్మన్. దాని పొడి 0.15 గ్రాములు, అసిటోన్ లేని మెథనాల్ 100 మి.లీ. కలిపి గోధుమరంగు సీసాలో ఉంచాలి. వాడే ముందు వడకట్టాలి.

బఫరు పీహెచ్ 6.8. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ లీటరుకి 9.07 గ్రాములు ఒక సీసాలో. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, నీరులేని రకం, లీటరుకి 9.47 గ్రాములు ఇంకో సీసాలో. రెండూ సమపాళ్లలో కలిపితే దాదాపు 6.8 వస్తుంది. దీన్ని డిస్టిల్డ్ వాటర్‌తో 20 రెట్లు పలుచన చేసి వాడాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. డైసోడియం ఫాస్ఫేట్ సీసాలన్నీ ఒకే రకం కావు: నీరులేనిది, రెండు నీటి అణువులది, 12 నీటి అణువులది. 12 అణువుల ఉప్పునే 9.47 గ్రాములు తూస్తే అసలు ఫాస్ఫేట్ సగం కూడా పడదు, పీహెచ్ 6.4 దగ్గరికి జారుతుంది. అప్పుడు స్లైడంతా గులాబీ తేలి, లేతకణాల నీలం మాయమవుతుంది. రెండు అణువుల రకానికి 11.87 గ్రాములు, 12 అణువుల రకానికి సుమారు 23.9 గ్రాములు తూయాలి. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న అణుభారం చదివాకే త్రాసు దగ్గరికి వెళ్లండి.

8 రోజుల ముందు: అన్నీ లేతవేనా?

మత్తుకి లవంగ నూనె. నీటిలో కరగదు కాబట్టి 1 వంతు నూనె, 9 వంతులు ఇథనాల్ ముందే కలిపి, లీటరు నీటికి 0.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో చేప ఒరిగిపోయి, మొప్పల కదలిక నెమ్మదిస్తుంది. అప్పుడు తీసి తడి స్పాంజి మీద వెల్లకిలా పెట్టి, మలద్వారం వెనక రెక్క దాటాక, కడుపు వైపు మధ్యగీత మీద 23 గేజి సూదిని నిలువుగా దించాలి. వెన్నెముక గట్టిగా తగిలాక వెంట్రుకవాసి వెనక్కి లాగితే తోక సిరలో ఉంటాం. పిస్టన్ మెల్లగా లాగాలి. గట్టిగా లాగితే సిర గోడ సూదికి అతుక్కుని చుక్క కూడా రాదు.

గడ్డకట్టకుండా హెపారిన్. సిరంజిని హెపారిన్‌తో తడిపి, మొత్తం బయటికి నెట్టేస్తే లోపల పూత మిగిలినంత చాలు. ల్యాబుల్లో ఊదారంగు మూత ట్యూబులు చేతికి దగ్గరగా ఉంటాయి గానీ వాటిలో ఉండేది గడ్డకట్టకుండా చేసే మరో మందు, ఈడీటీఏ. కార్ప్ కణాలు ఈడీటీఏలో కాసేపటికి ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి. ఉబ్బిన కణం గుండ్రమైన కణమే, అంటే దొంగ లేతకణం తయారైనట్టే.

నాలుగు చేపల స్మియర్లు తీసి, లీష్మన్ 2 నిమిషాలు, పైన రెండింతలు బఫరు పోసి 12 నిమిషాలు ఉంచి కడిగాం. నూనె లెన్సు కింద చూస్తే కణాలన్నీ నీలి బూడిద రంగు! ఆరోగ్యంగా ఉన్న నాలుగు చేపల్లోనూ అన్నీ లేతకణాలే ఉండటం జరగని పని. బఫరు పీహెచ్ సరిగానే ఉంది. తేడా చివరి కడుగులో దొరికింది: సింకు పంపు నీళ్లు బోరు నీళ్లు, పీహెచ్ 7.8. ఆఖరి పది సెకన్లు ఆ నీళ్ల కింద పెట్టినందుకే గులాబీ పోయి నీలం నిలిచింది. కడుగు కూడా బఫరుతోనే చేశాక ముదురుకణాలు నారింజ గులాబీకి వచ్చాయి.

రెండో సమస్య వానాకాలం గాలి. గాలిలో తేమ 80 శాతం దాటితే స్మియరు ఆరడానికి నిమిషం పైనే పడుతుంది. ఆలోపు కణాలు ముడుచుకుపోతాయి లేదా గుండ్రబడతాయి, కేంద్రకం అంచు చెదురుతుంది. ఇక మెథనాల్ సీసా మూత తీసినప్పుడల్లా తేమ తాగుతుంది. నీరు చేరిన మెథనాల్‌తో స్మియరుని స్లైడుకి బిగిస్తే కణాల్లో మెరిసే గాజు చుక్కలు కనిపిస్తాయి. వాటిని కొత్తవాళ్లు పరాన్నజీవులనుకుంటారు. మందు: మెథనాల్‌ని 50 మి.లీ. సీసాల్లో పంచి పెట్టడం, స్లైడు లాగిన మరుక్షణం టేబుల్ ఫాను ముందు ఊపడం, ఆరాక సిలికా జెల్ డబ్బాలో వేయడం.

స్మియరులో ఎక్కడ లెక్కపెట్టాలి అన్నదీ ఇవాళే తేల్చుకున్నాం. మందంగా ఉన్న మొదట్లో కణాలు ఇరుక్కుని, పరుచుకోకుండా ఆరి, గుండ్రంగా కనిపిస్తాయి. ఈకలా పలచబడిన చివర్లో సాగిపోతాయి. మధ్యలో ఒకదాని మీద ఒకటి పడకుండా, కణాల పొడవు తలో దిక్కూ చూస్తున్న చోట మాత్రమే లెక్కపెట్టాలి. చేపకణం కోలగా ఉండటం ఇక్కడ పనికొస్తుంది: చూపులో ఉన్న కణాలన్నీ ఒకే దిక్కుకి బారులు తీరి ఉంటే, ఆ కోలతనం కొంత స్లైడు లాగుడువల్ల వచ్చిందే.

6 రోజుల ముందు: కొలబద్ద కోసం జీబ్రాఫిష్

బంగారుతీగ చుక్కలో అన్ని వయసుల కణాలూ కలిసి ఉంటాయి. ఏది ఎంత లేతో నేర్చుకోవాలంటే ఒకే ఈడు కణాలు ఉన్న నెత్తురు కావాలి. అది ల్యాబుల్లో పెంచే చిన్న చేప జీబ్రాఫిష్ పిండంలో దొరుకుతుంది. గుడ్డు ఫలదీకరణ అయిన దాదాపు 24 గంటలకి నెత్తురు తిరగడం మొదలవుతుంది. అప్పటికి కిడ్నీలో ఇంకా కణాల తయారీ లేదు. మొదటి విడత ఎర్రకణాలు పిండం నడుమ, వెన్నుదండం కింది కణసముదాయంలో పుట్టినవి. మొదటి నాలుగు రోజులూ ప్రవాహంలో ఉండేవి ప్రధానంగా అవే. రక్త మూలకణాలు మహాధమని కింది గోడలోంచి పుట్టి, తోకలో మజిలీ చేసి, నాలుగో రోజు దాటాక కిడ్నీకి చేరడం మొదలుపెడతాయి. కాబట్టి రెండో రోజు, మూడో రోజు, ఐదో రోజు స్మియర్లు తీస్తే ఒకే తరగతి పిల్లలు ఎదుగుతున్న ఫొటోలు చూసినట్టే.

పిండాలు 28.5 డిగ్రీల్లో. నీటికి లీటరుకి సోడియం క్లోరైడ్ 0.29 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 13 మి.గ్రా., కాల్షియం క్లోరైడ్ రెండు నీటి అణువుల రకం 48 మి.గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ ఏడు నీటి అణువుల రకం 81 మి.గ్రా. 24 గంటల నుంచి 0.003 శాతం ఫినైల్‌థయోయూరియా; లేకపోతే నల్ల రంగు కణాలు కమ్మి లోపలిది కనిపించదు.

హిమోగ్లోబిన్ ఎక్కడ ఉందో చూడటానికి ఆర్థో డయానిసిడిన్. 10 మి.లీ. ద్రావణానికి: డయానిసిడిన్ 6 మి.గ్రా. ఇథనాల్ 4 మి.లీ.లో కరిగించి, పీహెచ్ 4.5 ఉన్న 0.1 మోలార్ సోడియం అసిటేట్ 1 మి.లీ., 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.22 మి.లీ., మిగతాది నీరు. చీకట్లో 15 నిమిషాలు. పచ్చసొన మీద పరుచుకున్న నాళాలు ఇటుక రంగుకి తిరుగుతాయి. పెరాక్సైడ్ సీసా పాతదైతే రంగే రాదు, పిండానికి రక్తహీనత అనుకుని మోసపోతాం. అందుకే ప్రతిసారీ మామూలు పిండాలు పక్కన ఉండాలి. డయానిసిడిన్ క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం, చేతి తొడుగులు తప్పనిసరి.

స్మియరుకి 25 పిండాలు. మత్తిచ్చి, హెపారిన్, 5 శాతం దూడ సీరం కలిపిన ఫాస్ఫేట్ సెలైన్‌లో తోకలు కత్తిరిస్తే గుండె కొట్టుకుంటూ నెత్తురుని బయటికి తోస్తుంది. ఆ కణాలని తిప్పి స్లైడు మీద పరిచే సైటోస్పిన్ యంత్రంలో 500 ఆర్‌పీఎం, 3 నిమిషాలు. వేగం పెంచితే కేంద్రకం అప్పడంలా పరుచుకుంటుంది. రెండో దొంగ గుర్తు ఇదే.

రెండో రోజు కణాలు: గుండ్రన, కేంద్రకం సగం చోటు ఆక్రమించింది, లోపల క్రోమాటిన్ (డీఎన్ఏ, ప్రోటీన్ల ముద్ద) వదులుగా, అంచున నీలం. ఐదో రోజు: కోల ఆకారం, కేంద్రకం చిన్నదై చిక్కబడింది, కణద్రవ్యం గులాబీ. మూడో రోజు స్లైడులో ఆసక్తికరమైన సంగతి: రంగు ముందు మారింది, ఆకారం వెనకబడింది. కణం అంచు వెంట సూక్ష్మనాళికల పట్టీ ఒకటి చుట్టుకుని ఉంటుంది, కోల రూపం నిలిచేది దానివల్లే. హిమోగ్లోబిన్ నిండటం, పట్టీ బిగియడం రెండూ ఒకే గడియారం మీద నడవవన్నమాట. గుండ్రంగా, గులాబీగా ఉన్న కణాన్ని తప్పుగా ఆరిన ముదురుకణం అని కొట్టిపారేయడానికి లేదు.

పక్కమాట ఒకటి. జీబ్రాఫిష్‌లో నెత్తురు పాలిపోయిన రకాలకి పరిశోధకులు వైన్ల పేర్లు పెట్టారు: షార్డనే, సోటర్న్, వైస్‌హెర్బ్‌స్ట్. ఆ వైస్‌హెర్బ్‌స్ట్ చేపలో లోపం వెతుకుతూ పోతే 2000లో ఫెర్రోపోర్టిన్ బయటపడింది. కణంలోంచి ఇనుముని బయటికి పంపే ఆ ప్రోటీన్ మనిషిలోనూ అదే పని చేస్తుంది. చేప పిండం కొన్ని రోజులపాటు ఎర్రకణాలు లేకున్నా నీటిలోంచి నేరుగా ఆక్సిజన్ పీల్చి బతుకుతుంది కాబట్టే ఇలాంటి లోపాలు చూడగలిగారు.

రోజు 0: నెత్తురు తీయడం

ముందు రోజు మేత బంద్. 1 నుంచి 5 వరకు చేపలకి 3 మి.లీ. చొప్పున తీశాం. 6 నుంచి 10 వరకు పోలిక చేపలు: అదే మత్తు, అదే సూది, 0.1 మి.లీ. మాత్రమే.

3 మి.లీ. ఎందుకంటే ఎముక చేపల్లో నెత్తురు శరీర బరువులో సుమారు 3 నుంచి 5 శాతం. 300 గ్రాముల చేపలో 10 మి.లీ. అనుకుంటే మూడో వంతుకి కొంచెం తక్కువ తీసినట్టు. పోయిన ద్రవం కణజాలాల్లోంచి పూడుకుంటుంది, కణాలు పూడవు. పీసీవీ, అంటే నెత్తురులో కణాల వంతు, 30 శాతం ఉన్న చేపకి మర్నాటికి 21 దగ్గర ఉండాలి. దాన్ని కొలిచే సన్నటి గాజు గొట్టాలు, క్యాపిలరీలు, కూడా ఆ చుట్టుపక్కలే చూపించాయి.

వల వేసిన దగ్గర నుంచి సూది దిగేదాకా 4 నిమిషాలు దాటకూడదు. చేపని తరిమితే ప్లీహం కుంచించుకుని దాచిన కణాలను వదులుతుంది, పీసీవీ అబద్ధంగా పెరుగుతుంది. సూది తీశాక చోటుని వేలితో నిమిషం పాటు నొక్కి ఉంచాలి.

స్లైడులన్నిటికీ కోడు నంబర్లు. నంబర్ల చిట్టా మూడో మనిషి దగ్గర, లెక్కపెట్టే ఇద్దరికీ అది తెలియదు.

రోజు 2

స్మియరులో కొత్త సంగతి లేదు. ఉండకూడదు కూడా. ఆక్సిజన్ తగ్గిందన్న కబురు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ద్వారా వెళ్లాలి, హెడ్ కిడ్నీలో కణాలు విభజన మొదలుపెట్టాలి. పాలిచ్చే జంతువుల్లో ఆ హార్మోన్ ప్రధానంగా కిడ్నీ నుంచి వస్తుంది. చేపల్లో 2004లో ఫుగూ చేపలో ఈ జన్యువు దొరికినప్పుడు అది ఎక్కువగా పనిచేస్తున్నది గుండెలో అని తేలింది. కబురు పంపేది గుండె, పని చేసేది కిడ్నీ.

రోజు 4

కొన్ని స్లైడుల్లో గుండ్రటి, లేత నీలి గులాబీ కణాలు అక్కడక్కడ. ఎన్ని కణాలు లెక్కపెట్టాలన్న వాదన మళ్లీ వచ్చింది. లేతకణాలు నిజంగా 2 శాతం ఉన్నాయనుకోండి. 200 కణాలు లెక్కపెడితే 4 రావాలి, కానీ కేవలం అదృష్టం కొద్దీ 0 నుంచి 8 దాకా ఏదైనా రావచ్చు. 1000 లెక్కపెడితే 20కి అటూ ఇటూ 9. కాబట్టి స్లైడుకి 1000. కళ్లు నొప్పెడతాయి, తప్పదు.

లేతకణం అని రాయడానికి మా నిబంధన: మూడు గుర్తుల్లో రెండైనా ఉండాలి. అడ్డు కొలత నిలువు కొలతలో 0.85 కన్నా ఎక్కువ, కేంద్రకం వైశాల్యం కణంలో నాలుగో వంతు దాటాలి, నీలి ఛాయ. ముదురుకణం 12 మైక్రాన్ల పొడవు, 8 వెడల్పు చుట్టుపక్కల ఉంటుంది, కేంద్రకం దాదాపు ఆరో వంతు. కొలతలు ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో, స్టేజ్ మైక్రోమీటరుతో సరిచూసుకున్నాక.

8వ నంబరు చేపకి ఇవాళ సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. సాయంత్రానికి తోక మొదట్లో నల్లటి వాపు. రిజిస్టరులో రాశాం.

రోజు 5: హెడ్ కిడ్నీ అచ్చులు

2వ నంబరు, 9వ నంబరు చేపలని ఇవాళ చంపాం. లవంగ నూనె ఎక్కువ మోతాదులో, మొప్పలు ఆగాక ఇంకో 10 నిమిషాలు ఉంచి, మెదడు ఛేదించాకే కోశాం.

మొప్పల గది వెనక, గాలితిత్తి కన్నా ముందు ముదురు ఎరుపులో మెత్తటి ముద్ద, అదే హెడ్ కిడ్నీ. బియ్యపుగింజంత ముక్క తీసి, కత్తిరించిన ముఖాన్ని ఫిల్టర్ పేపరు మీద మూడు నాలుగు సార్లు అద్దాలి. అలా అద్దకపోతే స్లైడు మీద పడేది నాళాల్లోని నెత్తురే, కిడ్నీ కాదు. పేపరు మీద తడి మరక చిన్నదయ్యాక స్లైడుని తాకించి పైకెత్తాలి, లాగకూడదు. ఒక స్లైడు మీద ఐదు అచ్చులు. మొదటి రెండూ ఎప్పుడూ చిక్కగానే ఉంటాయి, చదవదగ్గవి చివరి మూడు.

మే గ్రున్‌వాల్డ్ జీమ్సా అనే రంగుతో కణం ఎదిగే వరస మొత్తం దొరికింది. ప్రోఎరిత్రోబ్లాస్ట్: పెద్దది, కేంద్రకమే దాదాపు కణమంతా, లోపల కేంద్రకాంశాలు తేటగా, చుట్టూ ముదురు నీలం సన్నటి అంచు. తర్వాతి బేసోఫిలిక్ దశలో కేంద్రకాంశాలు కనుమరుగై క్రోమాటిన్ గడ్డలు కడుతుంది. ఆపైన పాలీక్రొమాటిక్: రైబోజోముల నీలం, హిమోగ్లోబిన్ ఎరుపు కలిసి వానమబ్బు రంగు. నీలం అంటే ప్రోటీను తయారీ యంత్రాలు, ఎరుపు అంటే తయారైన సరుకు. యంత్రాలు తగ్గుతూ సరుకు పెరిగేదే ఈ వరస. నెత్తురు తీసిన చేపలో నీలి కణాల గుంపులు అచ్చు అచ్చునా కనిపించాయి, పోలిక చేపలో వెతకాల్సి వచ్చింది.

బేసోఫిలిక్ కణాన్నీ లింఫోసైటునీ కలిపేసుకోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం. లింఫోసైటు ఒక రకం తెల్లకణం: చిన్నది, అంచు బుడిపెలుగా, కణద్రవ్యం పలచని నీలం. సందేహం ఉన్నదాన్ని లెక్కలో వేయలేదు.

ప్లీహం అచ్చుల్లో బంగారు గోధుమ ముద్దలు: మెలనోమాక్రోఫేజ్ కేంద్రాలు. ముసలి ఎర్రకణాలు విరిగేది, వాటి ఇనుము నిల్వయ్యేది అక్కడ. ఇనుముని నీలంగా చూపే పెర్ల్స్ స్టెయిన్ వేస్తే నీలం తేలాయి. నెత్తురు బయటికి పోతే ఇనుము కూడా పోతుంది, మేతలోంచి తిరిగి రావాలి. కణాలు లోపలే పగిలితే ఇనుము ఈ కేంద్రాలకి చేరి మళ్లీ వాడకానికి వస్తుంది. చేప పేను తెచ్చే రక్తహీనత మొదటి రకం.

రోజు 8

ఈ ప్రాజెక్టులో చూసిన మంచి స్లైడు ఇదే. మూడు గుర్తులూ ఉన్న కణాలు ప్రతి చూపులో నాలుగైదు. ఒకచోట విభజనలో ఉన్న కణం: మధ్యలో ముదురు ఊదా కడ్డీలు రెండు ఎదురెదురుగా విడిపోతున్నాయి, చుట్టూ ఉన్న కణద్రవ్యం అప్పటికే గులాబీకి తిరిగింది. హిమోగ్లోబిన్ నింపుకుంటూ, నెత్తురులో కొట్టుకుపోతూ, ఇంకోసారి చీలుతోంది. మనిషి స్మియరులో ఇలాంటిది కనిపిస్తే డాక్టరు వెంటనే ఫోను తీస్తాడు. చేపలో నెత్తురు పోయిన వారానికి ఇది మామూలు.

కాలుష్యం కొలవడానికి చేప నెత్తురులో మైక్రోన్యూక్లియస్ పరీక్ష చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మైక్రోన్యూక్లియస్, అంటే అసలు కేంద్రకం పక్కన మిగిలిపోయే చిన్న కేంద్రకం ముక్క, పుట్టేది విభజనలో. పేను పట్టిన చేపలో విభజన వేగం వేరు, మందు తాకిన చేపని దానితో పోలిస్తే తేడా దేనివల్లో తెలియదు.

రోజు 10: న్యూ మిథిలీన్ బ్లూ, హిమోగ్లోబిన్

లేతకణంలో మిగిలిన రైబోజోములని వలలా చూపించే రంగు ఇది. న్యూ మిథిలీన్ బ్లూ 1 గ్రాము, సోడియం సిట్రేట్ 0.6, ఉప్పు 0.7, నీరు 100 మి.లీ. వడకట్టి, నెత్తురుతో సమపాళ్లలో కలిపి 20 నిమిషాలు ఉంచి స్మియరు. వడకట్టకపోతే రంగు రేణువులు కణం మీద పడి వలలాగే కనిపిస్తాయి. కణం బయట కూడా అలాంటివి ఉంటే ఆ స్లైడు పారేయండి.

మనిషి లెక్కలో వల ఉన్న కణం రెటిక్యులోసైట్ (లేత ఎర్రకణం), అంతే. చేపలో అలా కుదరదు: ముదురుగా కనిపించే చాలా కణాల్లోనూ ఒకటి రెండు చుక్కలు మిగిలి ఉంటాయి. కేంద్రకం చుట్టూ సగానికి పైగా వల పరుచుకున్నవే లెక్కలోకి తీసుకున్నాం.

హిమోగ్లోబిన్ కోసం డ్రాబ్‌కిన్ ద్రావణం 5 మి.లీ.లో నెత్తురు 20 మైక్రోలీటర్లు, 10 నిమిషాలు. నేరుగా 540 నానోమీటర్ల దగ్గర చదివితే విలువ ఎక్కువొస్తుంది, ఎందుకంటే కేంద్రకాలు కరగక ద్రావణం మసకగా ఉంటుంది. 3000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు తిప్పి పైతేట మాత్రమే చదవాలి. ద్రావణంలో సైనైడ్ ఉంది, ఆమ్లం పోసిన సింకులో పారబోయవద్దు. ఆసుపత్రి ఆటోమేటిక్ కౌంటరుకి ఈ నెత్తురు ఇవ్వడం దండగ. కేంద్రకం ఉన్న ప్రతి కణాన్నీ అది తెల్లకణం అనుకుంటుంది. 200 రెట్లు పలుచన చేసి న్యూబవర్ గదిలో, అంటే గళ్లు గీసిన గాజు పలకలో, కళ్లతో లెక్కపెట్టడమే.

ఇవాళ్టి లెక్కల్లో కణాల సంఖ్య తేరుకుంటోంది, హిమోగ్లోబిన్ వెనకబడింది. కణాలు వచ్చాయి, ఇంకా నిండలేదు.

రోజు 17

లేతకణాలు తగ్గుముఖం. కానీ గుండ్రంగా ఉండి పూర్తిగా గులాబీ తిరిగినవి చాలా ఉన్నాయి. జీబ్రాఫిష్ మూడో రోజు స్లైడు పక్కన పెట్టి చూశాం, అదే రూపం. రంగు ముగిసింది, ఆకారం ఇంకా దారిలో ఉంది. వీటికి వేరే గడి గీశాం: నడిమి ఈడు.

రోజు 28: కోడు విప్పడం

నమూనాల చివరి రోజు. తొమ్మిదిసార్లు 0.1 మి.లీ. తీసినా మొత్తం 0.9 మి.లీ. అవుతుంది, అదీ నష్టమే. అందుకే పోలిక చేపల్లోనూ ఆఖరి స్లైడుల్లో లేతకణాలు మొదటి రోజు కన్నా కొంచెం పెరిగాయి. పోలిక చేపలే లేకపోతే ఈ పెరుగుదలని ప్రయోగ ఫలితం అనుకునేవాళ్లం.

చిట్టా తెరిచి కోడులు సరిపోల్చాం. నెత్తురు తీసిన నాలుగు చేపలూ వరసగా పడ్డాయి. పోలిక గుంపులో మాత్రం 10వ రోజు, 13వ రోజు స్లైడులు రెండింటిని లెక్కపెట్టినవాళ్లిద్దరూ విడివిడిగా నెత్తురు తీసిన చేపవి అనే రాశారు. మొదట చిట్టాలో పొరపాటు అనుకుని స్లైడుల అంచున వజ్రపు పెన్నుతో గీసిన నంబర్లు చూశాం. సరిగానే ఉన్నాయి: రెండూ 8వ నంబరు. రిజిస్టరు వెనక్కి తిప్పితే 4వ రోజు వాపు నమోదు కనిపించింది. ఆ తర్వాత పీసీవీ 2 పాయింట్లు తగ్గినా, క్యాపిలరీ చదవడంలో వచ్చే తేడాగా అప్పుడు వదిలేశాం. చేపని మత్తులో పెట్టి చూస్తే తోక మొదట్లో చర్మం కింద పసుపు పచ్చగా వాడిన మచ్చ ఇంకా ఉంది. పట్టికలో ఆ చేపని పోలిక గుంపులోంచి తీసి, "నెత్తురు పోయింది, 4వ రోజు, ఎంతో తెలియదు" అని కొత్త వరస రాశాం.